కమలాపూర్ ఏ జిల్లా?

కమలాపూర్‌లో ఇల్లు కదలకుండా ఉన్న మనిషికి అయిదేళ్లలో మూడు జిల్లాలయ్యాయి. 2016 అక్టోబర్ 11, దసరా దాకా కరీంనగర్. ఆ రోజు నుంచి వరంగల్ అర్బన్. 2021 ఆగస్టులో దాని పేరు హనుమకొండగా మారింది, పక్కనున్న వరంగల్ రూరల్ ఉత్త వరంగల్ అయింది. ఊళ్లోవాళ్లకు అదొక ఆఫీసు మార్పు. నాలాంటివాడికి డ్రాప్‌డౌన్‌లో తగాదా.

నా పని అడ్మిన్ ప్యానెళ్లు. వెబ్‌సైటులో జనం చూసే ముందు భాగం కాదు, వెనక గదిలో కూర్చుని లెక్కలు ఎక్కించేవాళ్లు చూసే తెర. మా వైపు ఆ గదులు జిన్నింగ్ మిల్లుల్లో, విత్తనాల దుకాణాల్లో, ప్రైవేటు బడుల్లో ఉంటాయి. నేను ఎక్కువగా వాడేది జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్. అది పుట్టింది ఏ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో అనుకుంటారు గానీ, అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో, లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే స్థానిక దినపత్రిక ఆఫీసులో పుట్టింది. ఏడ్రియన్ హోలొవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో మొదలుపెట్టారు. 2005 జులైలో అందరికీ విడుదల చేశారు. గిటార్ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరు పెట్టుకున్నారు. పత్రికలో గడువులు గంటల్లో ఉంటాయి. ప్రోగ్రామర్ ఇంకా సైటు కడుతుండగానే డెస్కులో ఉన్నవాళ్లు వివరాలు ఎక్కించడం మొదలుపెట్టాలి. అందుకే టేబుల్‌లో ఏమేం ఉంటాయో చెబితే చాలు, నింపే ఫారం, జాబితా, వెతికే డబ్బా అన్నీ తనే తయారుచేసి ఇచ్చే అడ్మిన్ వచ్చింది. జిల్లా ఎడిషన్లలో పనిచేసిన మన సబ్ ఎడిటర్లకు ఆ తొందర ఎట్లుంటుందో నేను చెప్పనక్కర్లేదు.

లారెన్స్ వాసన ఇంకా పోలేదు. టైమ్ జోన్ ఏదో చెప్పకపోతే ఇప్పటికీ జాంగో తీసుకునేది అమెరికా/షికాగో, అంటే ఆ ఊరి గడియారమే. కొత్త ప్రాజెక్టు తెరిస్తే సెట్టింగ్స్ ఫైల్‌లో యూటీసీ అని, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి గడియారం అని రాసి ఉంటుంది. అదీ మనకు కుదరదు. పత్తి సీజన్‌లో ఆదిలాబాద్ వైపు బండ్లు తెల్లారకముందే వచ్చి వరస కడతాయి. పొద్దున అయిదుకు ఎక్కించిన తూకం యూటీసీ లెక్కన ముందురోజు రాత్రి పదకొండున్నరది. సాయంత్రం ‘ఈ రోజువి’ అనే ఫిల్టర్ నొక్కితే అది రాదు. ఎవరో కట్టి వదిలేసిన ఒక మిల్లు ప్రాజెక్టు నా చేతికొచ్చినప్పుడు, కంప్యూటర్ ముందు కూర్చునే అక్క మొదటి మాటే ఇది: “తమ్మీ, బండి నా కండ్ల ముంగటనే కాంటా ఎక్కింది, గీ లిస్టుల లేదేంది?” ఏషియా/కోల్‌కతా అని మార్చాక బండి లిస్టులోకి వచ్చింది.

అడ్మిన్ పాడైందని నాకు వచ్చే ఫోన్లలో చాలావాటి వెనక ఇదే ఉంటుంది. కోడ్ బాగానే ఉంటుంది, ఊరి సంగతి దానికి తెలియదు.

జిల్లాల గొడవే చూడండి. ఉమ్మడి కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వచ్చాయి. ఉమ్మడి ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ వచ్చాయి. హుస్నాబాద్ సిద్దిపేటలో కలిసింది. పాత టేబుల్‌లో వరంగల్ అర్బన్ అన్నచోట హనుమకొండ అని దిద్దితే సరిపోదా అంటారు. దిద్దితే 2018 నాటి రసీదు మళ్లీ అచ్చు వేసినప్పుడు దాని మీదా హనుమకొండ అనే వస్తుంది. అప్పటికి ఆ పేరుతో జిల్లానే లేదు. ఇక వరంగల్ అన్న పేరు సంగతి మరీ అన్యాయం, 2015లో ఒక వరంగల్, 2022లో ఇంకో వరంగల్. అందుకని మండలం ఏ జిల్లాలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో విడిగా ఒక టేబుల్ పెట్టి, మండలం పేజీ కిందనే ఇన్‌లైన్‌గా కనబడేలా చేస్తాను. ఎక్కించేవాళ్లు ఊరు ఎంచుకుంటే చాలు, జిల్లాను తేదీ తేలుస్తుంది.

పాత జిల్లాను తీసేద్దామని ఎవరైనా డిలీట్ నొక్కితే? జాంగో అడ్మిన్ ఒక పేజీ చూపిస్తుంది. దీంతోపాటు పోయేవి ఇవీ అని మండలాలు, వాటి కింద ఊళ్లు, ఊళ్ల కింద రైతులు, రైతుల కింద తూకాలు. ఆ చెట్టంతా చదివేవాళ్లు తక్కువ, కింద ‘అవును’ బటన్ నొక్కేవాళ్లే ఎక్కువ. కిందివాటినీ కలిపి తుడిచేసే కాస్కేడ్ ఉన్నచోట, కింద ఏమైనా ఉంటే తుడవనివ్వని ప్రొటెక్ట్ పెట్టి, డిలీట్ అనుమతే తీసేయడం మంచిది. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

పేర్లతో ఇంకో చిక్కు. రాజన్న సిరిసిల్ల అక్షర క్రమంలో ‘ర’ దగ్గర ఉంటుంది, జనం ‘స’ దగ్గర వెతుకుతారు. ఇంగ్లిష్ కీబోర్డు మీద జగిత్యాలను ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో కొడతారు. దీనికి వాడుక పేర్లని ఒక కాలమ్ చేర్చి, వెతికే ఫీల్డుల్లో దాన్నీ కలిపితే సరిపోతుంది. 2017 డిసెంబర్‌లో వచ్చిన జాంగో 2.0లో ఆటోకంప్లీట్ చేరాక ఈ పని తేలికైంది. అంతకుముందు మామూలుగా ఒక్క ఊరు ఎంచుకోవడానికి జిల్లాల ఊళ్లన్నీ పేజీలోకి దిగేవి.

లిస్టు మెల్లగా తెరుచుకుంటోందంటే ముందు సర్వర్‌ను తిడతారు. నేను ముందు చూసేది ఆ పేజీ డేటాబేస్‌ను ఎన్నిసార్లు అడుగుతోందో. మామూలుగా పేజీకి నూరు వరసలు. ప్రతి వరసలో ఊరు, మండలం, జిల్లా కలిపి చూపించే ఫంక్షన్ ఉంటే వరసకు మూడేసి చొప్పున మూడు వందల క్వెరీలు. లిస్ట్ సెలెక్ట్ రిలేటెడ్ అని ఒక్క లైన్ రాస్తే అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి.

తెలుగు దగ్గరికి వద్దాం, అసలు బాధ అక్కడుంది. పేరు నుంచి వెబ్ లింకుకు సరిపడే ముక్క తయారుచేసే స్లగ్ అనే ఫీల్డు ఉంటుంది. తెలుగు పేరు రాస్తే అది ఖాళీగా మిగులుతుంది. యూనికోడ్‌ను అనుమతించు అని చెబితే ఇంకా వింత. జాంగోకు ఆధారమైన పైథాన్ భాష అక్షరాలను గుర్తించే తీరులో గుణింతాలు, పొల్లు, సున్నా అక్షరాల కిందికి రావు. వాటిని ఊడబెరుకుతుంది. కరీంనగర్ ‘కరనగర’ అవుతుంది, జగిత్యాల ‘జగతయల’, సిరిసిల్ల ‘సరసలల’. సరైన పేరు చేత్తో కొట్టినా చెల్లదంటుంది. ఇంకోటి కంటికే కనబడదు. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు ఒక అదృశ్య గుర్తు పెడతాయి. దాంతో ఫిల్టర్‌లో ఆదిలాబాద్ రెండుసార్లు వస్తుంది, రెండూ అచ్చం ఒకేలా. సేవ్ చేసే ముందు పేరు చివరనున్న ఆ అదృశ్య గుర్తును తుడిచేయడమే దీనికి మందు.

రంగులు, లోగో, డాష్‌బోర్డు అడిగే యజమానులుంటారు. పైన పేరు మార్చడం వరకు సరే. లిస్టు టెంప్లేట్ మొత్తం కాపీ చేసి దిద్దుకుంటే జాంగో కొత్త వెర్షన్ వచ్చినా ఆ పేజీ పాతదే మిగిలి, ఏదో ఒక బటన్ పనిచేయదు. అడ్మిన్ సంస్థ లోపలి పనికేగానీ ముందు భాగమంతా దాని మీద కట్టేందుకు కాదని జాంగో వాళ్ల డాక్యుమెంటేషనే చెబుతుంది. అంతకు మించి అడిగితే విడిగా పేజీ రాసివ్వడమే నయం, డబ్బులు కాస్త ఎక్కువైనా.

లిపి చిక్కు తెలుగుతో ఆగలేదు. ఉట్నూరు వైపు ఒక మిత్రుడు గోండి పదాల పట్టిక ఎక్కించాలన్నాడు, గుంజాల గోండి లిపిలో. నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల లిపి అది. 2018లో యూనికోడ్ 11.0లో చేరింది. తెలుగు అర్థం సేవ్ అయింది, గోండి పదం పెట్టగానే ఎర్రర్. కారణం లెక్కలో ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, గుంజాల గోండి అక్షరానికి నాలుగు. మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8’ అని ఉండే పాత అమరిక మూడు బైట్ల దగ్గరే ఆగిపోతుంది. టేబుళ్లను యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాం. పదం సేవ్ అయింది కానీ తెర మీద డబ్బాలే కనబడ్డాయి. నోటో ఫాంట్ల కుటుంబంలోని గుంజాల గోండి ఫాంట్‌ను అడ్మిన్ స్టైల్ షీట్‌లో చేర్చాక అక్షరాలు వచ్చాయి. స్లగ్ మాత్రం పెట్టలేదు, గోండి గుణింతాలనూ అది అలాగే ఊడబెరుకుతుంది. లింకులో పదానికి బదులు నంబరే పెట్టాం.