కోలుకోవడం ఆట కాగలదా? శస్త్రచికిత్స అనంతర పర్యవేక్షణలో గేమిఫికేషన్: విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

శస్త్రచికిత్స తరువాత రోగి ఆసుపత్రిలో గడిపే కాలం క్రమంగా తగ్గుతోంది. మోకాలి కీలుమార్పిడి వంటి పెద్ద చికిత్సల తరువాత కూడా కొద్ది రోజులకే రోగిని ఇంటికి పంపుతున్నారు. గాయం మానడం, వాపు తగ్గడం, నడక తిరిగి అలవడడం వంటివన్నీ చాలావరకు వైద్యుని కంటికి దూరంగా ఇంట్లోనే జరుగుతున్నాయి. ఈ దూరాన్ని తగ్గించడానికి మొబైల్ యాప్‌లు వచ్చాయి. రోగి వాటిని నాలుగు రోజులు వాడి పక్కన పెట్టకుండా ఉండేందుకు రూపకర్తలు పాయింట్లు, బ్యాడ్జీలు, స్థాయిలు జోడించారు. దీనినే గేమిఫికేషన్ (క్రీడీకరణ) అంటున్నారు. ఆట కాని సందర్భాలలో ఆట రూపకల్పనకు చెందిన అంశాలను వాడడమని 2011లో సెబాస్టియన్ డెటర్‌డింగ్, ఆయన సహచరులు దీనిని నిర్వచించారు.

ఈ యాప్‌లపై చర్చ తరచుగా రోగులు వాటిని ఎన్ని రోజులు వాడారన్న లెక్క దగ్గరే ఆగిపోతుంది. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. యాప్ దేనికి పాయింటు ఇస్తోంది? కోలుకున్నందుకా, లేక ఉన్న స్థితిని ఉన్నట్లు చెప్పినందుకా? ఈ భేదం ఆధారంగా రెండు అధ్యయనాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

అడుగులకు పాయింట్లు: ఫిలడెల్ఫియా అధ్యయనం

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో తుంటి, మోకాలి కీలుమార్పిడి చేయించుకున్న రోగులపై జరిగిన యాదృచ్ఛిక నియంత్రిత పరీక్ష ఫలితాలు 2020లో జామా నెట్‌వర్క్ ఓపెన్ పత్రికలో వెలువడ్డాయి. మొత్తం 242 మందిలో 124 మందికి మామూలు సంరక్షణ, 118 మందికి దూర పర్యవేక్షణ కేటాయించారు. రెండవ వర్గంలో కొందరికి అడుగుల లెక్క, నొప్పి గురించిన సందేశాలు మాత్రమే ఉన్నాయి. మిగిలినవారికి వాటితో పాటు ఆట అంశాలు, ఆత్మీయుల తోడ్పాటు కూడా ఉన్నాయి.

ఫలితాలను విడివిడిగా చదవాలి. ఆసుపత్రి నుంచి నేరుగా ఇంటికి వెళ్ళినవారి నిష్పత్తిలో చెప్పుకోదగిన తేడా రాలేదు. ఆట అంశాలు చేర్చినందువల్ల రోగులు అదనంగా నడిచిందీ లేదు. అయితే మళ్ళీ ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవారు మామూలు సంరక్షణలో 12.2 శాతం ఉండగా, పర్యవేక్షణ పొందినవారిలో 3.4 శాతమే. ఈ మేలుకు లక్ష్యాలు నిర్ణయించుకోవడం, వైద్య బృందంతో సంబంధం తెగకుండా ఉండడం కారణాలు కావచ్చునని పరిశోధకులే భావించారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, తిరిగి చేరిన శాతాల వెనుక ఉన్న మనుషుల సంఖ్య చిన్నది. ఒక వైపు సుమారు పదిహేను మంది, మరో వైపు నలుగురు. రెండవది, ఆట ఉన్నవారినీ లేనివారినీ ఒకే వర్గంగా కలిపి చూసినప్పుడు వచ్చిన మేలు ఇది. దీనిని గేమిఫికేషన్ విజయంగా ఉటంకించడం సరికాదు. అధ్యయనం సూచిస్తున్నది అవతలి వైపు వినే మనిషి ఉండడంలోని విలువను.

నివేదికకు హోదా: పెయిన్ స్క్వాడ్

టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆసుపత్రి పరిశోధకులు క్యాన్సర్‌తో బాధపడే కౌమారుల కోసం పెయిన్ స్క్వాడ్ అనే యాప్‌ను రూపొందించారు. ఇది శస్త్రచికిత్సకు పరిమితమైనది కాదు. అయినా నొప్పిని ఇంటి నుంచే తెలిపే పద్ధతిగా మన చర్చకు అవసరమైనది. ఇందులో పిల్లవాడు పోలీసు దళంలో చేరిన కొత్త సభ్యుడు. రోజుకు రెండుసార్లు తన నొప్పిని నమోదు చేయడం అతని విధి. నివేదికలు క్రమం తప్పకుండా పూర్తిచేసిన కొద్దీ అతని హోదా పెరుగుతుంది. 2013లో ప్రచురితమైన అధ్యయనంలో 14 మంది రెండు వారాల పాటు దీనిని వాడగా, నివేదికలు పూర్తిచేసిన సగటు 81 శాతంగా తేలింది. సంఖ్య చిన్నదే కాని రూపకల్పనలోని వివేకం గమనించదగినది. నొప్పి తగ్గితే పదోన్నతి అని ఇక్కడ లేదు. నొప్పి ఎంత ఉన్నా, చెబితే చాలు.

పాయింటు, సత్యం

ఆట స్వభావం గెలుపును కోరడం. పర్యవేక్షణకు కావలసింది చెడు వార్త, అదీ తొందరగా. అడుగులకు పాయింట్లు ఇచ్చే యాప్‌లో పిక్క వాచి నడవలేని రోజు రోగికి ఓటమి రోజు అవుతుంది. కీలుమార్పిడి తరువాత పిక్క వాపు సిరలో రక్తం గడ్డకట్టిందనడానికి సూచన కావచ్చు. వైద్యునికి అన్నిటికంటే ముందు తెలియవలసిన రోజు అదే. ఆ రోజున పాయింట్లు పోతాయన్న బెంగతో రోగి బలవంతంగా నడిచినా, యాప్ తెరవడం మానినా నష్టమే. మార్కులు తగ్గిన విద్యార్థి ప్రగతి పత్రం దాచినట్లు రోగి తన బాధను దాచే పరిస్థితిని యాప్ కల్పించకూడదు.

ఆట ఆకర్షణ ఎంతకాలం నిలుస్తుందన్నది మరో ప్రశ్న. పోకీమాన్ గో ఆడినవారిపై 2016లో బీఎంజే ప్రచురించిన అధ్యయనంలో మొదటి వారం రోజుకు సగటున 955 అడుగులు పెరిగాయి. ఆరవ వారానికి ఆ పెరుగుదల మాయమైంది. వారు రోగులు కారు కనుక పోలికకు పరిమితి ఉంది. అయినా నెలల తరబడి సాగే కోలుకునే దశకు కొత్తదనం ఒక్కటే ఆధారం కాలేదని దీనినిబట్టి ఊహించవచ్చు.

తెలుగు రోగి, నొప్పి భాష

ఇటువంటి యాప్‌లు తెలుగులోకి వచ్చినప్పుడు మరో సమస్య ఎదురవుతుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత పల్లెల నుంచి నగరాలకు వచ్చి శస్త్రచికిత్స చేయించుకొని తిరిగి వెళ్ళేవారికి ఇంటి వద్ద పర్యవేక్షణ నిజమైన అవసరమే. కాని వారు తమ బాధను సున్నా నుంచి పది వరకు అంకెలలో చెప్పుకోరు. సలుపు, పోటు, మంట, గుంజు, తిమ్మిరి అంటారు. చీము పట్టిన గాయం సలుపుతుందని ఇంట్లో పెద్దవాళ్ళకు తెలుసు. ఈ మాటలు ఒకే నొప్పికి పర్యాయపదాలు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క లక్షణాన్ని పట్టి చూపుతుంది. వీటన్నిటినీ ‘నొప్పి: 6’గా మార్చే యాప్ సమాచారాన్ని సేకరిస్తున్నాననుకుంటూ పోగొడుతుంది. మాండలికాల వారీగా నొప్పి పదజాలాన్ని సేకరించడం తెలుగు భాషా పరిశోధకులు వైద్యులతో కలిసి చేపట్టదగిన పని.

ముగింపు

గేమిఫికేషన్‌ను పూర్తిగా తిరస్కరించనవసరం లేదు. అయితే దానిని అంచనా వేసేటప్పుడు మూడు ప్రమాణాలు పాటించాలి. పాయింటు ఫలితానికి కాక నివేదికకు దక్కాలి. ప్రతి నివేదికను చదివి స్పందించే మనిషి ఉండాలి. రోగి తన మాటల్లో చెప్పుకునే చోటు ఉండాలి. ఈ మూడూ లేని యాప్ ఎన్ని బ్యాడ్జీలు ఇచ్చినా అది రోగిని ఆడిస్తుందే తప్ప కనిపెట్టుకొని ఉండదు.