ఆక్టేన్ సంఖ్య: బలమా, ఓర్పా?

ఆక్టేన్ సంఖ్య పెరిగినకొలది బండి బలము పెరుగునను నమ్మకము జనులలో పాతుకొనియున్నది. 'ప్రీమియం పెట్రోలు' అను పేరే ఈ భ్రమను పెంచుచున్నది. నిజమునకు ఆ సంఖ్య ఇంధనములోని శక్తిని కొలువదు. పీడనమునకును, వేడిమికిని లోనైనను తనంత తాను అంటుకొనకుండ నిలువగల ఓర్పును కొలుచును. ఈ కొలమానములో ఐసో ఆక్టేనుకు 100, నార్మల్ హెప్టేనుకు 0. కాని కిలోగ్రాము చొప్పున మండించినచో రెండును ఇచ్చు ఉష్ణము ఇంచుమించు సమానమే!

అయితే టర్బోచార్జరు గల ఇంజనుకు ఎక్కువ ఆక్టేన్ ఏల? ఇంజను విడుచు పొగతో తిరుగు టర్బైను, గాలిని ఒత్తి సిలిండరులోనికి పంపును. గాలి కొట్టునపుడు సైకిలు పంపు వేడెక్కునట్లే, ఒత్తిన గాలియు వేడెక్కును. అందు ఓర్పు చాలని పెట్రోలు, మంట తన్ను చేరకముందే భగ్గుమని 'టకటక' చప్పుడు చేయును. ఇది మితిమీరినచో పిస్టను చెడును. నేటి ఇంజనులు పలుమార్లు ఈ చప్పుడును పసిగట్టి, నిప్పురవ్వను ఆలస్యము చేసి తమ్ము కాపాడుకొనును. కాని బలము తగ్గును.

కావున తయారీదారులు 95 కోరినచోట 91 పోయుట నష్టము. 91కే అమర్చిన ఇంజనులో 95 పోయుట చాలవరకు డబ్బు దండుగ. సంఖ్యతోపాటు దానిని కొలిచిన పద్ధతిని కూడ గమనింపవలెను: అమెరికా బంకులలోని 87, మన పద్ధతిలో కొలిచిన 91కి దాదాపు సమానము.