వెంకటేశం పరీక్ష తప్పవచ్చు

విజయనగరం అనగానే కన్యాశుల్కం అంటారు. మేం కూడా కుర్రతనం నుంచీ ఆ నాటకం చదివి నవ్వినవాళ్ళమే. నవ్వడం అయిపోయాక ఒక సంగతి తోచింది. తెలుగు సాహిత్యంలో మొదటి కెరీర్ గైడెన్సు మాస్టారు గిరీశం. పరీక్ష తప్పిన వెంకటేశాన్ని వెంటబెట్టుకుని కృష్ణరాయపురం అగ్రహారం వెళ్తాడు. ఇంగ్లీషు చదువు గొప్పతనం ఊదరగొడతాడు. అగ్నిహోత్రావధాన్లుకి పుస్తకాల ఖర్చు దండగ. వెంకమ్మకి కొడుకు మునసబీ లాంటి ఉద్యోగం చెయ్యాలని ఆశ. కోర్టు కాగితాలు ఇంగ్లీషులో రాసిపెడతానని గిరీశం ఆ తండ్రినీ లొంగదీస్తాడు.

గిరీశం మోసం గురించి విమర్శకులు వందేళ్ళకు పైగా రాస్తూనే ఉన్నారు. మా చూపు మాత్రం వెంకటేశం మీద ఆగింది. వాడు తప్పినా వాడికేం కాదు. వాడి వెనక అగ్రహారం ఉంది, పొలం ఉంది, ఏడ్చయినా ఫీజు కట్టించే తల్లి ఉంది. మా ఇళ్ళలో ఒకసారి తప్పినవాడు మర్నాటికి మెకానిక్ షెడ్డులో ఉంటాడు.

గురజాడ ఈ వెంకటేశాన్ని గాలిలోంచి తేలేదు. 1857లో బడిగా మొదలై 1879లో కాలేజీ అయిన మహారాజా వారి విద్యాలయంలోనే ఆయన చదివాడు, అక్కడే పాఠం చెప్పాడు. గిడుగు రామమూర్తి కూడా ఆ బడి విద్యార్థే. నాటకం 1892లో ఆ ఊళ్ళోనే ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో మళ్ళీ రాశాడు. జనం మాట్లాడే తెలుగు పుస్తకంలోకి వచ్చింది ఆ గోడల చుట్టూనే. అందుకు మేం గర్వపడతాం, గర్వపడే హక్కు మాకూ ఉంది. ఆ వాడుక తెలుగులో మునసబు, వకీలు, దస్తావేజు, జవాను అన్నీ పార్సీ, అరబ్బీ దారిన వచ్చిన మాటలే. మాటలు కాలేజీలోకి వెళ్ళాయి. మనుషులు గేటు బయట ఆగిపోయారు. కన్యాశుల్కంలోనూ అంతే. ప్రధాన పాత్రల్లో సాయిబు లేడు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మా తాతలందరికీ పార్సీ వచ్చని కాదు. దూది ఏకిన చేతులకీ, మాంసం కొట్టిన చేతులకీ, నెమలీకల కట్టతో ఇంటింటికీ తిరిగిన ఫకీరుకీ పార్సీ ఎక్కడిది? శ్రీకాకుళంలో 1641లో జామియా మసీదు కట్టించిన షేర్ మహమ్మద్ ఖాన్ కుతుబ్‌షాహీల ఫౌజుదారు. మీరు ఏలినవాళ్ళు కదా అని మమ్మల్ని దెప్పేవాళ్ళకీ, మనం ఏలినవాళ్ళం అని మురిసిపోయే మా పెద్దలకీ మా జవాబు ఒకటే: ఆ ఫౌజుదారు మా ఇంటి మనిషి కాడు.

పార్సీ ఎవరికి వచ్చిందో చూడండి. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు పార్సీ నేర్చి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ మార్చి 1932లో అచ్చు వేయించాడు. మెచ్చుకోవలసిన పనే. కానీ అచ్చతెలుగు అంటే ఏమిటి? సంస్కృతం మాటలతో పాటు పార్సీ మాటలు కూడా ఏరి పారేసిన తెలుగు. పార్సీ కవిని పిలిచి కూచోబెట్టి, పార్సీ మాటకి మాత్రం చోటు లేదన్నట్టు. హరిదాసుకి పార్సీ వస్తే పాండిత్యం. మా పిల్లకి ఉర్దూ వస్తే అది బయోడేటాలో రాసుకునే అర్హత కూడా కాదు.

ఇప్పటి సంగతికి వద్దాం. నాక్ వాళ్ళు విద్యార్థులకు ఇచ్చే తోడ్పాటుకి కూడా మార్కులు వేస్తారు గనక ప్రతి కాలేజీలో ఒక కెరీర్ గైడెన్సు సెల్ ఉంది. (కొన్నిచోట్ల బోర్డు మాత్రమే ఉంది, తాళం ఎవరి దగ్గరుందో తెలీదు.) ఉత్తరాంధ్రలో ఒక కాలేజీ, పేరెందుకులెండి, అక్కడి సభకి మేం వెళ్ళాం. ఇంటర్వ్యూలో ఎలా కూచోవాలి, ఎలా నవ్వాలి అని రెండు గంటలు చెప్పారు. చివర్లో మా కుర్రాడొకడు లేచాడు. "సార్, బీసీ-ఇ సర్టిఫికెట్‌లో షేక్ ముందుంది. మార్కుల లిస్టులో వెనక ఉంది. ఏం చెయ్యాలి?" హాలంతా నవ్వింది. అది ఆఫీసు పని, కెరీర్ ప్రశ్న అడుగు బాబూ అన్నారు.

మాకు అదే కెరీర్ ప్రశ్న. ఆ నాలుగు శాతం 2007 చట్టంతో వచ్చింది, 2010లో హైకోర్టు కొట్టేసింది, అదే ఏడాది సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో బతికింది. దానిలో సయ్యద్‌లూ పఠాన్‌లూ లేరు. దూదేకులవాళ్ళు బీసీ-బి. ఇది విడమరిచి చెప్పే మనిషి సెల్‌లో లేకపోతే పిల్ల తప్పు కాగితం పట్టుకుని తప్పు లైన్లో నిలబడుతుంది. పరిశోధన చేద్దామనుకునేవాళ్ళకి మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఉండేది. 2009లో మొదలైంది, 2022లో ఆపేశారు. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే ప్రతి పాతికమందిలో ముస్లిం ఒకరు, పీజీలో యాభైమందిలో ఒకరు అని 2006లో సచార్ కమిటీ లెక్క తేల్చింది. అది దేశం లెక్క. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జనాభాలో మేం నూటికి ఒక్కరం కూడా లేం. ఇంత తక్కువమందిమి గనక ఓట్లకీ అక్కర్లేదు, సెల్‌కీ అక్కర్లేదు. క్లాసులో ఒక్కడే సాయిబు ఉంటాడు. వాడి ప్రశ్న వాడొక్కడిదే అనుకుంటారు.

గిరీశం మోసగాడే. అయినా ఆ ఇంట్లో అన్నం తిన్నాడు, ఆ తండ్రి దావాలేమిటో, ఆ తల్లి ఆశేమిటో కనుక్కుని మరీ మాట్లాడాడు. నిజాయితీ గల మన మాస్టార్లలో ఎంతమంది బాబామెట్ట వైపు వెళ్ళి ఒక అమ్మీ ముందు కూచుని, పిల్లని ఏం చదివిద్దామనుకుంటున్నావమ్మా అని అడిగారు?

ఆ కుర్రాడు సభ అయ్యాక మా దగ్గరికే వచ్చాడు. ముగ్గురం కూచుని అఫిడవిట్ రాశాం. షేక్ ముందు పెట్టాలా, వెనక పెట్టాలా అని వాళ్ళ అబ్బాకి ఫోన్ చేశాడు. ఆయనకీ తెలీదన్నాడు.