కంచరపాలెపు చిత్రమున నామభేదము

చలనచిత్రమును కావ్యమువలె పరిశీలింపవచ్చునా యని శంకించువారు విద్వాంసులలో నేటికిని లేకపోలేదు. వారితో వాదమునకు దిగుట మా యభిమతము కాదు. 2018లో వెంకటేశ్ మహా దర్శకత్వమున వెలువడిన 'కేరాఫ్ కంచరపాలెం' నొక్కదానినే యిచట గ్రహించుచున్నాము. స్వల్ప వ్యయముతో, ప్రసిద్ధ నటులు లేక, విశాఖపట్టణమునందలి యా పేటవాసులనే పెక్కుపాత్రలకు గైకొని తీసిన చిత్రమిది.

ఇందు నాలుగు ప్రణయములు గలవు. బడిలో సుందరము, సునీత. యౌవనమున జోసెఫు, బ్రాహ్మణకన్య భార్గవి. మద్యపు దుకాణమున పనిచేయు గడ్డము, ముస్లిము వనిత సలీమా. 49 ఏండ్ల బ్రహ్మచారియగు అటెండరు రాజు, అతని పై యధికారిణియు వితంతువునగు రాధ. తుదకు ఈ నలువురు పురుషులును ఒక్కడే యని తేలును. (చూడనివారు మన్నింతురు గాక, కథాంతము చెప్పక యీ చిత్రమును విమర్శించుట దుస్సాధ్యము.)

గూడూరులో విద్యార్థులతో గూడి దీనిని చూచినపుడు ఒకడు, "జోసెఫు కిరస్తానీ గదా సార్, రాజు ఎట్టా అవతాడు?" అని యడిగెను. తక్కినవారు నవ్విరి గాని మేము నవ్వలేకపోతిమి. ఏలయన మేమును అట్లే భ్రమపడియుంటిమి. ముఖములు వేరగుట యొక్కటే దీనికి హేతువు కాదు. పేరు వినగానే మతమును, మతము తెలియగానే మనిషిని నిర్ణయించు మన యలవాటే దర్శకునకు ముడిసరకైనది. పాత్రలు దాచిన రహస్యమేమియు లేదు. ప్రేక్షకుడే తన్ను తాను వంచించుకొనెను.

గూడవల్లి రామబ్రహ్మముగారి 'మాలపిల్ల' (1938)తో పోల్చిన భేదము స్పష్టమగును. అందు ప్రేమికులు కలకత్తాకు పోవలసివచ్చెను. అగ్నిప్రమాదమున హరిజనుడొకడు శాస్త్రిగారి భార్యను కాపాడినగాని పెద్దల మనసు కరుగలేదు. తక్కువగా చూడబడినవాడు ఉపకారముచే తన యోగ్యతను నిరూపించుకొనవలెనను నియమము అందు గలదు. ఆ కాలమునకు అదియే సాహసమని యొప్పుకొందుము. కంచరపాలెమున అట్టి పరీక్ష లేదు. నాయకుడు ఊరు విడువడు, ఎవరిని రక్షింపడు, ఎవరిని ఒప్పింపడు.

అయినను ఒక లోపము చెప్పక తప్పదు. నాలుగు పేర్లును ఒక పురుషుని చరిత్రలో కలిసిపోవుటచే, స్త్రీల చరిత్రలు అతని జీవితమున మజిలీలుగా మిగిలినవి. సలీమా విషాదాంతమును అతని దుఃఖముగనే చూచితిమి గాని ఆమె నష్టముగ చూడలేదు. భార్గవి పెండ్లి పిదప ఏమయ్యెనో యను ప్రశ్న చిత్రమునకు తోచినట్లే లేదు. రాధ యొక్కతెయే దీనికి మినహాయింపు. కూతురు పెద్దదైన పిదప, తోబుట్టువు కాదన్నను, తన నిర్ణయమును తానే చేసికొనును.