చిలకమర్తి నవ్వు ఎవరి మీద?

హాస్యరచయిత అని ముద్ర వేసిన తర్వాత ఆ రచయితను లోతుగా పరిశీలించకపోవడం మన విమర్శకు అలవాటైంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867–1946) విషయంలో జరిగింది అదే. 'గయోపాఖ్యానం' నాటకకర్తగా ఆయన పేరు నిలిచింది. వ్యంగ్యకవిగా, నవలాకారుడుగా ఆయన దృక్పథం ఏమిటన్న ప్రశ్న మిగిలిపోయింది.

ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తికి చిన్నప్పటినుంచీ రేచీకటి. ఉపాధ్యాయుడుగా, పత్రికా సంపాదకుడుగా పనిచేశారు. క్రమంగా చూపు పూర్తిగా పోయినా, చెప్పి రాయిస్తూ రచన కొనసాగించారు.

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి సభలో ఆయన చెప్పిన పద్యం తెలుగునాడంతా పాకింది. దేశాన్ని పాడియావుగా, పాలకులను లేగల మూతులు బిగించి పాలు పితికే గొల్లలుగా చూపిన పద్యమది. వలసదోపిడీ స్వభావాన్ని సామాన్యుడికి అర్థమయ్యే పోలికతో ఎండగట్టింది. ఇక్కడ వ్యంగ్యం గురి దోపిడీదారు మీద.

'గణపతి' నవలలో ఆ గురి మారింది. చదువు అబ్బక, బతుకుతెరువుకోసం బడి పెట్టిన గణపతి మీద మనం కడుపుబ్బ నవ్వుతాం. పూర్వుల కాలంనుంచీ కథ ఎత్తుకుని, తరతరాల దారిద్ర్యాన్ని కళ్ళకు కట్టినా, ఆ దారిద్ర్యానికి మూలమైన వ్యవస్థ నవ్వుకు దొరకకుండా తప్పించుకుంది. నవ్వు వ్యక్తి దగ్గరే ఆగింది.

రాయికోడ్ వంటి ఊళ్ళో ఈ నవల చదివితే ఈ లోపం మరింత స్పష్టంగా తెలుస్తుంది. 1948 వరకు ఈ ప్రాంతం నిజాం రాజ్యం. ఉన్నత విద్య ఉర్దూలో సాగిన ఆ రోజుల్లో తెలుగు బడి నిలబెట్టడమే ఒక పోరాటం. చదువు అందనివాడు మనకు ముందు బాధితుడుగా కనిపిస్తాడు, తర్వాతే హాస్యపాత్రగా.

చిలకమర్తికి ఈ సంగతి తెలియదనలేం. 1909లో రాజమండ్రిలో దళిత బాలలకోసం పాఠశాల స్థాపించిన మనిషి ఆయన. ఆచరణలో అంత దూరం నడిచిన సంస్కర్త, నవలలో అక్కడిదాకా రాలేకపోయారు. దీన్ని చారిత్రక పరిమితి అని సరిపెట్టుకోవచ్చు. కాని పద్యంలో ఆ పరిమితిని ఆయనే దాటారని మరచిపోరాదు.

నేటి వ్యంగ్యరచయితలు చిలకమర్తినుంచి భాషలోని సొగసును, పాత్రచిత్రణను నేర్చుకోవాలి. నవ్వు ఎవరిమీద పడుతోందన్న ప్రశ్నను మాత్రం ప్రతి రచనలోనూ తమకుతామే వేసుకోవాలి.