డికాషన్ కుదిరితే అన్నీ కుదురుతాయి

రెంటచింతల ఎండలకు పెట్టింది పేరు. ఏప్రిల్ వచ్చిందంటే మాచర్ల, గురజాల వైపు పదకొండింటికే బజారు పలచబడుతుంది. పొద్దున ఇడ్లీ తిని "బాబాయ్, స్ట్రాంగ్‌గా ఒక కాఫీ" అన్న మనిషే మధ్యాహ్నానికి గోలీసోడా బండి దగ్గర కనిపిస్తాడు. ఎండాకాలం కాఫీ గిరాకీ పడిపోతుందని హోటలు వాళ్ళు దిగులుపడతారు. కొత్తగా కాఫీ షాపు తెరిచే కుర్రాళ్ళు సీసాల్లో వచ్చే సిరప్పులను నమ్ముకుంటారు. నేను చెప్పేది ఒకటే. కొత్త పానీయాలు రావలసిందే, కానీ వాటికి పునాది మన ఫిల్టరు డికాషనే కావాలి.

ఫిల్టరు చూడ్డానికి చాలా చిన్న సరంజామా. అడుగున సన్న రంధ్రాలున్న పై గిన్నె, డికాషన్ దిగే కింది గిన్నె, పొడిని అదిమే గొడుగులాంటి బిళ్ళ, ఒక మూత. ఎస్ప్రెసో యంత్రం నీటిని ఒత్తిడితో తోసి అర నిమిషంలో పని ముగిస్తుంది. ఫిల్టరులో నీరు తన బరువుతో తానే దిగాలి. అందుకే పొడి ఎంత మెత్తగా ఉందన్నది ముఖ్యం. మరీ మెత్తనైతే రంధ్రాలు పూడుకుపోతాయి, గరుకైతే నీళ్ళు జారిపోయి డికాషన్ పలచనవుతుంది. పొడిని బిళ్ళతో తేలిగ్గా అదమాలి. మరిగిన నీళ్ళను దించి, అర నిమిషం ఆగి, ముందు నాలుగు చెంచాలు చల్లి పొడిని తడవనివ్వాలి. అది పొంగి గాలి వదిలాక మిగతా నీళ్ళు పోయాలి. వంద గ్రాముల పొడికి అర లీటరు నీళ్ళు పోస్తే, పొడి పీల్చుకోగా 300 మిల్లీలీటర్ల చిక్కటి డికాషన్ దిగుతుంది. గ్లాసుకు 30 చొప్పున పది కాఫీలు.

ఆ డికాషన్‌ను మళ్ళీ పొయ్యి మీద పెట్టకూడదు. మరిగితే వాసన పోయి చేదు మిగులుతుంది. చల్లారితే గిన్నెను వేడి నీళ్ళలో ఉంచితే చాలు. పొద్దున దించినది సాయంత్రం అమ్మడం కంటే, తక్కువ తక్కువగా మూడు నాలుగుసార్లు దించుకోవడం మేలు.

ఇక పొడి. చికోరీని కల్తీ అనుకునేవాళ్ళున్నారు. అది ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. కెఫీన్ ఉండదు, చిక్కదనం, నల్లటి రంగు ఇస్తుంది. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదనీ, పాళ్ళు ప్యాకెట్ మీద రాయాలనీ ఆహార నిబంధనలు చెబుతున్నాయి. మన గేదెపాలు చిక్కన, వెన్న ఎక్కువ. ఆ పాల మందాన్ని దాటి కాఫీ రుచి నాలుకకు తెలియాలంటే కొంచెం చికోరీ పనికొస్తుంది. ఎనభై పాళ్ళు కాఫీ, ఇరవై పాళ్ళు చికోరీ నాకు నచ్చిన లెక్క. పాలు లేకుండా ఇచ్చే పానీయాలకు మాత్రం చికోరీ లేని పొడే వాడాలి.

ఆ పొడికి దూరం వెతకనక్కర్లేదు. అరకు, పాడేరు కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పండిస్తారు. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. పండి ఎర్రబడిన కాయను ఏరి కోస్తారు. 'అరకు వ్యాలీ అరబికా'కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే, 2017లో, ప్యారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం వెలిసింది. ప్యారిస్‌లో బోర్డెక్కిన పేరు నరసరావుపేట హోటలు బోర్డు మీద ఎందుకుండకూడదు?

ఇన్‌స్టంట్ కాఫీని తీసిపారేయనక్కర్లేదు. పక్కనే గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారయ్యేది విదేశాలకు వెళుతోంది. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల కింద తెల్లవార్లూ జనం కదులుతుంటే ఫిల్టరు దిగేదాకా ఎవరాగుతారు? అక్కడ దాని పని దానిది.

ఇప్పుడు కొత్త రుచులు. మొదటిది బెల్లం కాఫీ. బెల్లాన్ని పాలలో వేసి కాస్తే విరిగే ప్రమాదం ఉంది. లేత పాకం పట్టి, వడగట్టి, డికాషన్‌లో కలిపి, పొంగు దిగిన పాలు ఆఖరున పోయాలి. గ్లాసు నుంచి దబరాలోకి ఎత్తి తిరగబోస్తే నురగ కడుతుంది, తాగే వేడికీ వస్తుంది. రెండోది మిరియాల కాఫీ. దంచిన మిరియాలు చిటికెడు పొడితోపాటే ఫిల్టరులో వేస్తే, ఒకే కొండ మీద పెరిగిన రెండు పంటలు ఒకే గ్లాసులో కలుస్తాయి. వానాకాలం సాయంత్రాలకు ఇది తగినది.

ఎండకు చన్నీటి కాఫీ ఉంది. వంద గ్రాముల గరుకు పొడిని 800 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళలో నానబెట్టి, ఫ్రిజ్‌లో పన్నెండు గంటలుంచి, పలచటి గుడ్డతో వడగట్టాలి. చేదు తగ్గి తియ్యదనం పైకొస్తుంది. దీన్ని లేత కొబ్బరినీళ్ళలో కలిపితే పంచదారే అక్కర్లేదు. సుగంధి షర్బత్ రెండు చెంచాలు, ఐసు, సోడా వేసి, పైనుంచి ఈ కాఫీని మెల్లగా జారవిడిస్తే నలుపు, ఎరుపు పొరలు కడతాయి. గబుక్కున పోస్తే పొంగి బల్ల మీద పడుతుంది. గోలీసోడా బండికి వెళ్ళే మనిషి ఇందుకోసం మళ్ళీ హోటలు గుమ్మం ఎక్కుతాడు.

వీటిలో ఏ ఒక్కదానికీ లక్షల యంత్రం అవసరం లేదు. ఫిల్టరు, ఫ్రిజ్, గుడ్డ, ఓపిక చాలు. హోటలు నడిపే అన్నలకూ, షాపు పెట్టబోయే తమ్ముళ్ళకూ నా మనవి: ముందు వారం రోజులు డికాషన్ ఒక్కటే సాధన చేయండి. అది కుదిరాకే కొత్త పేర్లు బోర్డు మీద రాయండి, వాటి పక్కన ఆ గింజ ఏ కొండదో కూడా రాయండి.