అడవిని పెంచి కట్టిన గుళ్లు

జపాన్ గుళ్లను తలుచుకోగానే కొండ మీద మంచు, ఎర్రబారిన మేపుల్ ఆకులు, సముద్రపు నీళ్లలో నిలబడ్డ సిందూర రంగు తోరణ ద్వారం కళ్ల ముందు మెదులుతాయి. ఆ అందం చూసి అక్కడి ప్రకృతి గొప్పదంటాం. నిజమే, కానీ ఆ అడవుల్ని అంత శ్రద్ధగా పెంచినవాళ్లనూ, వాటిలో దొరికిన కర్రతో, బెరడుతో గుళ్లు కట్టినవాళ్లనూ ఆ మాటలో మరిచిపోతున్నాం.

నారా దగ్గరి ఓమివా ఆలయానికి గర్భగుడి లేదు. వెనకున్న మివా కొండే దైవం. మందిరంలో నిలబడి ఆ కొండకే మొక్కుతారు. నాచిలో 133 మీటర్ల ఎత్తు నుంచి దూకే జలపాతానికి ఎదురుగా ఒక తోరణం ఉంది, అంతే. భక్తులు నీటిధారకే తలవంచుతారు. కొండను, నీటిని ఇలా కొలిచేవాళ్లు గుడి కట్టేటప్పుడు కొండను మించి కట్టాలనుకోరు.

అడవిని పెంచి గుడి కట్టే ఈ విద్య అంతా ఒక్కచోట కనబడేది మియే ప్రాంతంలోని ఇసేలో. సూర్యదేవత అమతెరాసు కొలువున్న లోపలి ఆలయానికి వెళ్లాలంటే ఇసుజు నది మీద చెక్క వంతెన దాటాలి. కావాలంటే ఏటి ఒడ్డునే చేతులు కడుక్కోవచ్చు. అక్కడి నుంచి మహావృక్షాల మధ్య కంకర బాట. తీరా చేరాక గుడి పూర్తిగా కనబడదు, కంచెల పైనుంచి కప్పు మాత్రమే తొంగిచూస్తుంది. రంగు వెయ్యని హినోకి (సైప్రస్ జాతి చెట్టు) కర్ర, గడ్డి కప్పు, పునాది రాయి లేకుండా నేరుగా మట్టిలో పాతిన స్తంభాలు. వానలు ఎక్కువగా పడే ఆ దేశంలో ఇలా కట్టింది ఎక్కువకాలం నిలవదు. అందుకే ఇరవై ఏళ్లకోసారి పక్కనే ఖాళీగా ఉంచిన స్థలంలో, అవే కొలతలతో కొత్త గుడి కట్టి దేవతను అందులోకి తరలిస్తారు. జితో చక్రవర్తిని కాలంలో, 690లో మొదలైన ఆనవాయితీ ఇది. అంతర్యుద్ధాల రోజుల్లో నూట ఇరవై ఏళ్లకు పైగా ఆగిపోయి మళ్లీ చిగురించింది. 2013లో జరిగింది 62వది.

ఈ ఇరవై ఏళ్ల లెక్కలో గొప్ప తెలివుందని నాకనిపిస్తుంది. ఒకసారి చేతికింద పనివాడిగా ఉలి పట్టిన యువకుడు తర్వాతిసారికి పని తెలిసిన వడ్రంగి అవుతాడు, ఆ పైసారి పెద్దమేస్త్రీగా నిలబడి చెబుతాడు. విద్య పుస్తకంలోకి ఎక్కాల్సిన పని లేకుండా చేతి నుంచి చేతికి అందుతుంది. పూరీలో జగన్నాథుడి దారుమూర్తులను నవకళేబరంలో మార్చడం మనకు తెలిసినదే. ఇసేలో గుడి మొత్తానికీ ఆ భాగ్యం.

ఇసే పునర్నిర్మాణానికి ప్రతిసారీ దాదాపు పదివేల హినోకి చెట్లు కావాలి. చుట్టూ కొండలు ఒకప్పుడు బోడిబారాయి, కర్ర చాలాకాలం దూరపు కిసో అడవుల నుంచి వచ్చేది. 1923లో ఆలయంవారు తమ కొండల్లోనే హినోకి పెంచడానికి రెండు వందల ఏళ్ల ప్రణాళిక వేశారు. ఆ చెట్లు స్తంభాలయ్యే రోజును తాము చూడమని తెలిసే మొక్కలు నాటించారు! వాటిలో కొన్నిటి కర్ర 2013 నాటికే పనికొచ్చింది. విప్పిన పాత కర్రనూ పారేయరు. ప్రధాన మందిరపు స్తంభాలు ఇరవై ఏళ్లు వంతెన దగ్గర తోరణాలుగా నిలుస్తాయి, ఆ తర్వాత మరో ఊరి తోరణాలవుతాయి.

క్యోటోలోని కియోమిజు బౌద్ధాలయంలో ఇప్పుడున్న ప్రధాన మందిరం 1633 నాటిది. ఏటవాలు కొండను చెక్కి చదును చేయకుండా, ఆ వాలుకు తగ్గట్టు స్తంభాల పొడవు మార్చి 13 మీటర్ల ఎత్తున వేదిక నిలబెట్టారు. మేకులు లేవు, స్తంభాలకు తొలిచిన రంధ్రాల్లోంచి అడ్డదూలాలు దూర్చి చెక్క చీలలతో బిగించారు. దాని పైకప్పు హినోకి బెరడు. ఆ బెరడును నిలబడ్డ చెట్టు నుంచే తీస్తారు. పనివాడు తాడు ఆధారంగా మానెక్కి, చెక్క గరిటె లాంటి పనిముట్టుతో పైపొరను మాత్రమే లేపుతాడు, లోపలి పొరకు గాయం కానివ్వడు. చెట్టు బతుకుతుంది. పదేళ్లలో కొత్త బెరడు వస్తుంది, మొదటిదాని కంటే అదే మేలైనది. కప్పు వేసేవాళ్లు వెదురు మేకులు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీస్తూ పొర మీద పొర కొడతారు. కట్టడం కోసం చెట్టు నుంచి బెరడు తీసుకుని, చెట్టును బతకనివ్వడం కంటే గొప్ప పనితనం నేనెరుగను. ఇలాంటి పదిహేడు విద్యలను యునెస్కో 2020లో గుర్తించింది.

మియాజిమా దీవిలో ఈ విద్య సముద్రంతో సర్దుకుంది. అక్కడి ఇత్సుకుషిమా ఆలయ తోరణాన్ని సముద్రపు అడుగులో పాతలేదు, అది తన బరువుతోనే నిలబడుతుంది. పైదూలం లోపల బరువు కోసం రాళ్లు నింపారు. గుడి నేలపలకల మధ్య సందులుంటాయి. పోటు పొంగినప్పుడు నీరు వాటిలోంచి పైకొచ్చి, ఒత్తిడి తగ్గి, నేల లేచిపోకుండా ఉంటుంది.

వెళ్లేవాళ్లు ఇసే లాంటి షింతో ఆలయంలో రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగుతారు. బౌద్ధాలయంలో చప్పట్లు కొట్టకండి. ఫొటో తీసుకున్నాక చూరు కిందికి వెళ్లి బెరడు పొరల మందం చూడండి, దూలం స్తంభంలోకి దూరిన చోటు చూడండి. ఇసేలో 63వ పునర్నిర్మాణపు క్రతువులు 2025లో మొదలయ్యాయి, దేవతను కొత్త గుడిలోకి తరలించేది 2033లో. ఆ ఏడు శరదృతువులో పాత గుడి, కొత్త గుడి పక్కపక్కనే ఉంటాయి. జపాన్ ప్రయాణం ఎప్పుడు పెట్టుకుందామా అని ఆలోచించేవాళ్లు అప్పుడే వెళ్లండి.